జర్మనీలో కొసరు అడక్కూడదు, కానీ వస్తుంది: బజారుకెళ్ళి మనుషుల్నీ భాషనీ సంపాదించుకునే పద్ధతి

మా విజయవాడ రైతుబజార్లో కేజీ వంకాయలు తూచాక పైన ఇంకో రెండు కాయలు పడేదాకా మా అమ్మ సంచి మూతి ముయ్యదు. "కొసరు వెయ్యమ్మా" అంటుంది, ఆవిడ వేస్తుంది, వేస్తూ "పిల్లోడు ఎలా ఉన్నాడు" అని అడుగుతుంది. నేను జర్మనీ వచ్చాక చాన్నాళ్ళు మిస్సయింది ఆ వంకాయల్ని కాదు, ఆ అడిగే మనిషిని.

నేను తూర్పు జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్ళో మాస్టర్స్ చేస్తున్నా. అక్టోబర్లో దిగాను, మార్చి దాకా మొత్తం సామాను సెల్ఫ్ చెకౌట్ మెషీన్ దగ్గరే స్కాన్ చేసుకుని వచ్చేశా, క్లాసులు ఇంగ్లీషులో, రూమ్మేట్లు ఖమ్మం వాళ్ళొకరు నెల్లూరు వాళ్ళొకరు, డౌట్లొస్తే వాట్సాప్ గ్రూపు, అంటే ఐదు నెలలు ఆ దేశంలో ఉండి కూడా ఆ దేశం మనిషితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఇది నా ఒక్కడి కథ కాదనుకుంటా, 2023-24 శీతాకాలం సెమిస్టర్‌కే ఇక్కడ మన ఇండియా స్టూడెంట్స్ 49 వేలు దాటారు, మిగతా అన్ని దేశాలకన్నా మనమే ఎక్కువ, ఏ యూనివర్సిటీ ఊరికి పోయినా తెలుగు వినబడుతుంది. అది మంచిదే, ఒంట్లో బాగోకపోతే చారన్నం పెట్టేది వాళ్ళే. కానీ వాళ్ళతోనే ఉండిపోతే రెండేళ్ళయ్యాక చేతిలో డిగ్రీ ఉంటుంది, నోట్లో భాష ఉండదు, ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

"ఇక్కడి వాళ్ళు పలకరించరు రా, మొహం సీరియస్‌గా పెడతారు" అని కొత్తగా వచ్చినవాళ్ళు అంటుంటారు. ట్రామ్‌లో పక్క సీటాయన పలకరించడు, నిజమే. కానీ ప్రతి వారం అదే రోజు అదే టైముకి అదే కొట్టుకి వెళ్ళేవాడి సంగతి వేరు. అలాంటివాడికి వీళ్ళ భాషలో ఒక పేరే ఉంది, ష్టమ్‌కుండె అంటారు, మనం ఖాతా కస్టమర్ అంటామే అలాంటిది, అప్పు ఒక్కటి తప్ప. మీరు చెయ్యాల్సిందల్లా ఆ ష్టమ్‌కుండె అవ్వడం. ఎలాగో నేను చేసినట్టు చెప్తాను.

ముందు మూడు కొట్లు ఎంచుకోండి

మూడే. ఒక బేకరీ, వారం సంతలో ఒక కూరగాయల బండి, ఒక ఏషియా షాపు. సూపర్ మార్కెట్ మానెయ్యమని చెప్పట్లేదు, బియ్యం పాలు నూనె అక్కడే చవక, నెలకి లెక్కబెట్టుకుని బతికేవాళ్ళం మనం, సంతలో టమాటా ఖరీదు ఎక్కువే. అందుకే మొత్తం సరుకు సంతలో కొనక్కర్లేదు, వారానికి నాలుగైదు యూరోలు ఆ బండి కోసం పక్కన పెట్టుకుంటే చాలు, భాష ట్యూషన్ ఫీజు అనుకోండి, అంతకన్నా చవకగా ఏ టీచరూ దొరకదు.

వారం సంతని వోఖెన్‌మార్క్ట్ అంటారు, దాదాపు ప్రతి ఊళ్ళో ఉంటుంది, మామూలుగా టౌన్‌హాల్ ముందో చర్చి ముందో పెడతారు, ఏయే రోజులన్నది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి మీ ఊరి మున్సిపాలిటీ సైట్లో చూస్కోండి. ఆదివారం షాపులు మూసేస్తారని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, బేకరీలు మాత్రం కొన్ని పొద్దున్న కొద్దిసేపు తీస్తారు. రద్దీ టైములో వెళ్ళొద్దు. శనివారం పదీ పదకొండుకి వెనకాల ఎనిమిది మంది నిలబడి ఉంటే మీరు గుర్తు తెచ్చుకుంటూ మాట్లాడే ప్రతి మాటకీ చెమటలు పడతాయి, అమ్మే ఆవిడకీ టైముండదు. పొద్దున్నే తెరవగానే వెళ్ళండి, లేదా మధ్యాహ్నం సర్దేసే ముందు.

మొదటి నెల ఈ నాలుగు మాటలే

కొట్లోకి అడుగు పెట్టగానే ముందు పలకరింపు, తర్వాతే సరుకు. గూటెన్ టాక్, లేదా హాలో. ఇది చాలా ముఖ్యం, మనం అలవాటుగా వెళ్ళి వేలు చూపించి "అదొకటి" అనేస్తాం, మన దగ్గర అది తప్పు కాదు, ఇక్కడ మాత్రం ముభావంగా ఉన్నాడనుకుంటారు. సర్, మేడమ్ ఏం అక్కర్లేదు, ఆంటీ అని పిలవడానికి నోరు వస్తుంది కానీ అదీ కుదరదు, వట్టి గూటెన్ టాక్ చాలు.

తర్వాత, నాకు ఫలానాది కావాలి అనడానికి ఇష్ హెట్టె గెర్న్. యాప్‌లో నేర్చుకున్న ఇష్ విల్ అనొద్దు, అది "నాకు కావాలంతే" అన్నట్టు వినబడుతుంది. ఆవిడ ఇంకేమైనా కావాలా అని డార్ఫ్స్ నోఖ్ ఎట్వస్ జైన్ అంటుంది, ఇది చాలా వేగంగా ఒకే ముక్కలా వస్తుంది, నాకు మూడు వారాలు అర్థం కాలేదు, నవ్వి తలూపితే ఆవిడ ఇంకా ఏం కావాలో చెప్తాననుకుని నిలబడేది. దానికి జవాబు దస్ వార్స్, అంటే అయిపోయింది, ఇంతే. వెళ్ళేటప్పుడు ఆవిడ షోనెన్ టాక్ నోఖ్ అంటే మీరు గ్లైష్‌ఫాల్స్ అనండి, మీక్కూడా అని. ఈ గ్లైష్‌ఫాల్స్ నోట్లో తిరగడానికి టైం పడుతుంది కానీ అది అన్న రోజు ఆవిడ మొహం చూడండి.

సంతలో కూరగాయలు చేత్తో పట్టుకుని నొక్కి చూడకండి. బెండకాయ చివర విరిచి చూసే అలవాటు ఉంటే చెయ్యి జేబులో పెట్టుకోండి. ఏది కావాలో చెప్తే వాళ్ళే ఏరి ఇస్తారు, కొన్ని బండ్ల దగ్గర బుట్ట ఇచ్చి ఏరుకోమంటారు, అప్పుడు ఏరుకోవచ్చు. అర కిలోని ఇక్కడ పెద్దవాళ్ళు ఇప్పటికీ ఫుంట్ అంటారు, అమెరికా పౌండ్ కాదు, సరిగ్గా 500 గ్రాములు. ఐన్ ఫుంట్ టొమాటెన్ బిట్టె అన్నారంటే ఈ పిల్లాడెవరో పుస్తకంలో నేర్చుకోలేదు, మన సంతలో నేర్చుకున్నాడు అని వాళ్ళకి తెలిసిపోతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి, కార్డు అన్ని బండ్ల దగ్గరా తీసుకోరు.

అంకెలు మాత్రం ముందే బాగా వల్లె వెయ్యండి. ఇరవై ఐదుని వీళ్ళు ఐదూ-ఇరవై అని తిప్పి చెప్తారు, మూడు యూరోల డెబ్భై నాలుగంటే మూడు యూరోలు నాలుగూ-డెబ్భై, వినేసరికి మనం 47 సెంట్లు ఏరుతుంటాం. నేను గదిలో కూర్చుని పాత బిల్లులు పట్టుకుని రోజూ ఒక బిల్లు గట్టిగా చదివేవాడిని, రెండు వారాల్లో పట్టుబడింది.

ఒక సంగతి మన తెలుగువాళ్ళకి బాగా కలిసొస్తుంది. జర్మన్‌లో జెడ్ అక్షరాన్ని ఇంగ్లీషు జెడ్‌లా పలక్కూడదు, మన అమ్మమ్మలు చుక్క, చాలు, చొక్కా అనేటప్పుడు నాలిక పళ్ళ వెనక తగిలి వస్తుందే, పాత పుస్తకాల్లో ౘ అని గుర్తు పెట్టి రాసేవాళ్ళు, అచ్చం ఆ శబ్దం. ౘ్వై అంటే రెండు, ౘేన్ అంటే పది, ౘుకర్ అంటే చక్కెర. క్లాసులో వేరే దేశాల వాళ్ళు దీనికోసం కుస్తీ పడుతుంటే నాకు ఒక్క రోజులో వచ్చేసింది, మా అమ్మమ్మ పుణ్యమే. అలాగే మీరు, నువ్వు తేడా వాళ్ళకీ ఉంది, జీ అంటే మీరు, డూ అంటే నువ్వు. ఇంగ్లీషు నుంచి వచ్చినవాడికి ఇది కొత్త, మనకి పుట్టుకతో వచ్చిందే. పెద్దవాళ్ళని, కొట్టువాళ్ళని జీ అనే అనండి, వాళ్ళే డూ అనమంటే అప్పుడు మారండి, మనం మాత్రం తొందరపడి నువ్వులోకి దిగొద్దు.

ఊరి మాట చెవిన పడితే వదలొద్దు

ఇది తూర్పు జర్మనీ ఊళ్ళకి వచ్చినవాళ్ళకి ఇంకా పనికొస్తుంది, అంటే కెమ్నిట్స్, డ్రెస్డెన్, లైప్సిష్, మాగ్డెబుర్గ్ లాంటి చోట్లకి. 1990లో రెండు జర్మనీలు కలవకముందు, పాత తూర్పు జర్మనీలో బడి పిల్లలకి మొదటి విదేశీ భాష రష్యన్, ఇంగ్లీషు కాదు, అందుకే ఇప్పుడు అరవై దాటిన వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు అంతగా రాదు. మనం ఇంగ్లీషులో మొదలుపెడితే వాళ్ళు మొహం తిప్పుకునేది పొగరుతో కాదు, ఇబ్బందితో. వచ్చీరాని జర్మన్‌లో మొదలుపెట్టి చూడండి, అదే మనిషి బండి వెనకాల నుంచి ముందుకొచ్చి సాయం చేస్తాడు.

సాక్సనీ అంటే కెమ్నిట్స్ ఉన్న రాష్ట్రం, ఈ సాక్సనీ యాస ముందు భయపెడుతుంది. కాఫీని గాఫే అంటారు, క, ప, ట లన్నీ మెత్తబడి గ, బ, డ లవుతాయి. అవును అనడానికి యా అనకుండా నూ అంటారు, నాకది ఇంగ్లీషు నో లాగా వినబడి "రొట్టె ఉందా" అని అడిగి నూ అనగానే లేదనుకుని బయటికి వచ్చేసిన రోజులున్నాయి. టైము చెప్పేటప్పుడు పావు మూడు అంటారు, దానర్థం రెండుంపావు, ముప్పావు మూడు అంటే రెండు ముప్పావు. సంత ఎప్పుడు సర్దేస్తారు అని అడిగినప్పుడు ఇది తెలీకపోతే ఖాళీ సంచితో వెనక్కి రావాల్సిందే.

కోడి మాట వింటే మాత్రం మీరే ఆశ్చర్యపోతారు. తూర్పు జర్మనీలో కాల్చిన కోడిని బ్రాయిలర్ అంటారు. అచ్చంగా మనం చికెన్ కొట్లో అనే బ్రాయిలరే! పశ్చిమాన హేన్షెన్ అంటారు, బవేరియాలో హెండ్ల్ అంటారు, ఇక్కడ మాత్రం బ్రాయిలర్. బండాయనతో మా ఊళ్ళో కూడా ఇదే మాట అని చెప్తే ఆయన నమ్మలేదు, ఫోన్లో మా వీధి చివర చికెన్ సెంటర్ బోర్డు ఫోటో తీయించి, తెలుగు అక్షరాలు కూడబలికి చూపిస్తే పక్క బండివాళ్ళని కూడా పిలిచి చూపించాడు. అలాగే సూపర్ మార్కెట్‌ని ముసలివాళ్ళు ఇప్పటికీ కౌఫ్‌హల్లె అంటారు, సంచిని బాయిటెల్ అంటారు. మా ఊరి మధ్యలో 1971లో పెట్టిన ఏడు మీటర్ల కార్ల్ మార్క్స్ తల ఉంది, 1953 నుంచి 1990 దాకా ఈ ఊరి పేరే కార్ల్‌మార్క్స్‌స్టాట్, ఆ తలని ఇక్కడివాళ్ళు నిషెల్ అంటారు, అంటే వాళ్ళ యాసలో బుర్ర. "నిషెల్ దగ్గర దిగాను" అంటే చాలు, ఎదుటివాళ్ళ మొహంలో నవ్వొస్తుంది. మీరుండే ఊరికీ ఇలాంటి మాటలు నాలుగైదు ఉంటాయి, అవి పుస్తకంలో దొరకవు, విన్నప్పుడల్లా ఫోన్లో రాసి పెట్టుకోండి, తర్వాతి వారం అక్కడే వాడండి.

ఏషియా షాపుని తక్కువ చెయ్యొద్దు

తూర్పు ఊళ్ళల్లో ఏషియా షాపులు చాలావరకు వియత్నాం వాళ్ళవి. 1980లో తూర్పు జర్మనీకి వియత్నాంకి ఒప్పందం కుదిరి వేలమంది ఫ్యాక్టరీల్లో పనికి వచ్చారు, బెర్లిన్ గోడ కూలాక ఆ ఫ్యాక్టరీలు మూతబడితే చాలామంది సొంతంగా కొట్లు, పూల దుకాణాలు, టిఫిన్ బండ్లు పెట్టుకున్నారు. మనకి కొత్తిమీర, పచ్చిమిరప, మంచి బియ్యం, అదృష్టం బాగుంటే కరివేపాకు దొరికేది అక్కడే. ఇంకో లాభం కూడా ఉంది, ఆ కొట్టు ఆవిడ కూడా జర్మన్‌ని పరాయి భాషగానే నేర్చుకుంది కాబట్టి చిన్న చిన్న వాక్యాల్లో స్పష్టంగా మాట్లాడుతుంది, తప్పు చెప్తే ఓపిగ్గా సరిచేస్తుంది, ఆ బాధ ఆవిడకి తెలుసు. నేను మొదటిసారి ధైర్యంగా ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది ఆవిడతోనే. సిన్ చావ్ అని వాళ్ళ భాషలో నమస్తే చెప్పి మొదలుపెట్టండి.

బేరం ఎక్కడ, ఎక్కడ కాదు

సంతలో బేరం లేదు. రాసిన ధరే. అలవాటు కొద్దీ తగ్గించమంటే అవమానంగా తీసుకుంటారు. బేరం ఆడాల్సిన చోటు ఫ్లోమార్క్ట్, అంటే పాత సామాన్ల సంత. అక్కడ గేట్ డా నోఖ్ వస్ అనండి, ఇంకేమైనా తగ్గుతుందా అని, ఎదుటివాళ్ళు అది వింటారని ఎదురుచూస్తూనే ఉంటారు. గిన్నెలు, బల్ల దీపం, చలికోటు అన్నీ అక్కడ కొనుక్కోండి, కొనేటప్పుడు ఆ వస్తువు ఎవరిదని అడగండి, ముసలివాళ్ళు ఆ కథ చెప్పడానికే కూర్చుని ఉంటారు, నా గదిలో ఉన్న రొట్టె కత్తి ఒక ఆయన వాళ్ళమ్మ వాడింది. సైకిల్ కొంటే మాత్రం జాగ్రత్త. నేను అరవై యూరోలు పెట్టి కాగితం ఏమీ లేకుండా కొన్నా, వెనక బ్రేకు పట్టదని ఇంటికొచ్చాక తెలిసింది, తర్వాతి వారం ఆ మనిషి రాలేదు. చిన్న కాగితం మీదైనా పేరు, తేదీ, ఫ్రేమ్ నంబరు రాయించుకోండి, దొంగ బండి కాదని అదే మీకు రుజువు. గంట లేకపోయినా, చీకట్లో ముందూ వెనకా లైట్లు లేకపోయినా ఇక్కడ ఫైన్ పడుతుంది.

వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతే

కుర్రవాళ్ళు మారిపోతారు, సాయం చేద్దామనే. మీరు చిన్నబుచ్చుకోకుండా ఇష్ లెర్నె డాయిచ్, బిట్టె లాంగ్‌జామ్ అనండి, నేర్చుకుంటున్నాను, కాస్త నెమ్మదిగా అని. పదిమందిలో తొమ్మిది మంది మళ్ళీ జర్మన్‌లోకి వచ్చేస్తారు. విసుక్కునేవాళ్ళూ ఉంటారు, మన రంగు చూసి మొహం ముడుచుకునేవాళ్ళూ ఉంటారు, లేరని నేను అబద్ధం చెప్పను. ఒక బేకరీలో నాకు రెండుసార్లు అలా జరిగింది, మూడోసారి వెళ్ళలేదు, రెండు వీధులవతల ఇంకో బేకరీ ఉంది, ఇప్పుడు అక్కడ తలుపు తీయగానే వీ ఇమ్మర్ అంటారు, ఎప్పటిలాగేనా అని. ఒకచోట కుదరకపోతే కొట్టు మార్చండి, భాష మీద అలగొద్దు.

రబార్బర్ ముచ్చట

అన్నిటికన్నా నాకు పనికొచ్చిన వాక్యం ఒకటుంది, వాస్ మాఖ్ట్ మన్ దామిట్, అంటే దీంతో ఏం చేస్తారు. తెలియని కూర ఏది కనబడినా ఇది అడగండి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకా తెల్ల ష్పార్గెల్, అంటే ఆస్పరాగస్ అనే కాడల కూర కాలం, ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటారు, శరదృతువులో గుమ్మడికాయలు, చలికాలంలో రకరకాల క్యాబేజీలు. ప్రతిదానికీ ఎవరి వంట వాళ్ళకుంటుంది, అడిగితే వరసలో వెనక నిలబడ్డవాళ్ళు కూడా మధ్యలో దూరి చెప్తారు.

ఏప్రిల్ చివర్లో బండి మీద ఎర్రటి కాడలు కనబడ్డాయి, మూరెడు పొడుగు, కింద ఎరుపు, పైకి పోయేకొద్దీ ఆకుపచ్చ. అడిగితే బండి ఆవిడ రబార్బర్ అంది. ఏం చేస్తారంటే కేకు, జామ్ అంది, చక్కెర బాగా వెయ్యాలి, చాలా పులుపు అంటూ బుగ్గలు లోపలికి లాక్కుని చూపించింది. పులుపు అనగానే నాకు గోంగూర గుర్తొచ్చింది. ఒక ఫుంట్ కొన్నా. ఆకులు కోసేసి ఇచ్చింది, ఆకులు తినకూడదు, విషం అని రెండుసార్లు చెప్పింది, మీరూ గుర్తుంచుకోండి, కాడలే తినాలి. ఇంటికొచ్చి పీచు తీసి ముక్కలు కోసి కందిపప్పులో వేసి, పైన ఎండుమిర్చి వెల్లుల్లి తాలింపు పెట్టాం. గోంగూరంత వగరు లేదు కానీ పులుపు సరిగ్గా కుదిరింది, ఖమ్మం అన్న రెండు ముద్దలు తిని మాట్లాడకుండా మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాతి శనివారం ఆవిడ ఎలా వచ్చిందని అడిగింది. పప్పుతో వండామంటే మిట్ లిన్‌జెన్ అని కళ్ళు పెద్దవి చేసి, పక్కనున్న వాళ్ళాయన్ని పిలిచి చెప్పింది. నాకు చెప్పాల్సిన మాటలు రాక, తాలింపుని సగం చేతులతోనే చెప్పాను, నూనె చిటపటలకి శబ్దం చేసి చూపించాను. ఆ వారం ఇంటికెళ్ళి వేయించడం, పులుపు, కారం, వెల్లుల్లి అన్నిటికీ జర్మన్ మాటలు వెతికి రాసుకున్నా, మూడు నెలల యాప్‌లో రాని మాటలు ఆ ఒక్క సాయంత్రం వచ్చేశాయి, ఎందుకంటే శనివారం వాటితో నాకు పనుంది.

మే నెలలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కాస్త పప్పు, అన్నం పట్టుకెళ్ళి ఇచ్చాను. కారం తగ్గించే చేశాను. ముందే ఏమేం వేశానో ఒక్కొక్కటి చెప్పాను, ఇది మీరూ తప్పకుండా చెయ్యండి, ఎలర్జీలు ఉంటాయి, మాంసం ఉందో లేదో తెలియాలి, తినమని బలవంతం కూడా చెయ్యొద్దు, మన మర్యాద వాళ్ళకి ఇరకాటం. ఆవిడ బండి వెనకే నిలబడి చెంచాతో ఒకసారి తిని, షార్ఫ్ అంది, కారం అని, నీళ్ళు తాగి మళ్ళీ ఇంకో చెంచా తీసుకుంది.

మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా. ఆ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు, చెప్పేంత జర్మన్ కూడా నాకప్పటికి లేదు. తర్వాతి శనివారం నా టమాటాలు తూచి, డబ్బులు తీసుకుని, చిల్లర లెక్కబెట్టి ఇచ్చాక బండి కింద నుంచి నా డబ్బా తీసి చేతిలో పెట్టింది. శుభ్రంగా కడిగి ఉంది, బరువుగా ఉంది. మూత తీస్తే నిండా స్ట్రాబెర్రీలు.